మిల్లుపేట జనాభా, దేవుళ్లు కాక

కోడి వచ్చేదాకా ఆగండి

మనిషి మాతృభాష ఏదో తెలియాలంటే ఆ మనిషిని అడగకూడదు. వంటింట్లోకి కోడి దూరేదాకా ఆగాలి. ఇంటావిడ చీపురు పట్టుకుని ఆ కోడిని ఏ భాషలో తిడుతుందో విని, గడిలో అదే రాసుకుని, దండం పెట్టి బయటపడాలి. కోడి లేని ఇంట్లో మేక ఉంటుంది. రెండూ లేకపోతే అల్లరి పిల్ల ఒకతి తప్పకుండా ఉంటుంది.

ఇది ఏ ట్రైనింగులోనూ చెప్పరు. మొన్న మా వీధి బడిలో పనిచేసే పంతుళ్లు ఇద్దరు, జనాభా లెక్కల డ్యూటీ పడిందని మొహాలు వేలాడేసుకుని మా ఇంటికి వచ్చారు. "సార్, మీరు చానా ఏండ్లు గీ పని చేసిండ్రట గద, జర మాకు గూడ తెలివి చెప్పుండ్రి," అన్నారు. తెలివి నా దగ్గర ఎక్కువ లేదు. చేసిన తప్పులు మాత్రం భద్రంగా ఉన్నాయి. వాటిలో అన్నిటికన్నా పెద్దది పదేళ్లపాటు ఎవరికీ కనపడకుండా ఉండి, చివరికి ఒక పిల్ల చదువు మీద వచ్చి పడింది. దాన్నే ఇక్కడ రాస్తున్నాను. చదివి నవ్వుకోండి, నాకేం అభ్యంతరం లేదు. అదే తప్పు మీరు చేస్తే మాత్రం నేను నవ్వను.

నాది రెవెన్యూ ఉద్యోగం. పుట్టింది జమ్మికుంట దగ్గర, ఉద్యోగమంతా ఆదిలాబాద్ జిల్లాలో. ప్రమోషన్లు ఎప్పుడొచ్చాయో నాకే సరిగా గుర్తులేదు, మీకెందుకు? బడిలో ఉర్దూ చదువుకున్నాను, ఇంట్లో తెలుగు మాట్లాడాను, ఇంగ్లీషులో సంతకం పెట్టడం నేర్చుకున్నాను. ఇన్ని వచ్చు కాబట్టి ఎలాంటి మనిషైనా నాకు ఇట్టే అర్థమైపోతాడని అనుకునేవాణ్ణి.

ఊరు కాని ఊరు

ఊరి పేరు చెప్పను. ఒక తాలూకా ఊరు అనుకోండి. ఊరి చివర పత్తి జిన్నింగ్ మిల్లు, మిల్లు వెనక నాలుగు వాడలు. దాన్ని మిల్లుపేట అనేవారు. ఊళ్లో ఎవరి వాడ వారిది, ఎవరి బావి వారిది. పేటలో ఆ ముచ్చట లేదు. మిల్లులో పని దొరుకుతుందని తలా ఒక దిక్కు నుంచి వచ్చి చేరిన జనం. సిరిసిల్ల వైపు మగ్గం వదిలి వచ్చిన పద్మశాలీలు, వార్ధా నది అవతలి నుంచి వచ్చిన మహర్లు, పత్తి బండ్లు తోలే ముస్లింలు, తండాల నుంచి దిగిన లంబాడీలు, రాళ్లు కొట్టే వడ్డెరలు, లారీ తోలే సర్దార్జీ ఒకాయన, మిల్లు గుమస్తాగా వచ్చిన మార్వాడీ ఒకాయన. ఒకే గోడకు అటు ఒకరు, ఇటు ఒకరు. ఒకరి పొయ్యి ఆరితే పక్కింటి నిప్పు తెచ్చుకునేవారు. ఊళ్లోని పెద్దమనుషులు వీళ్లందరినీ కలిపి "పేటోళ్లు" అనేసి చేతులు దులుపుకునేవారు.

అప్పటికి ఇంకా హైదరాబాద్ రాష్ట్రమే. పోలీసు చర్య అయి ఎక్కువ కాలం కాలేదు. జనాభా లెక్కలు వచ్చాయి, మిల్లుపేట నా వాటాకు పడింది. నాకు తోడుగా మా ఆఫీసు జవాను భీంరావును ఇచ్చారు. పొడుగు మనిషి. మీసాలు నాకంటే పెద్దవి, మాట నాకంటే తక్కువ. అతని ఇల్లూ మిల్లుపేటలోనే. నేను పుస్తకం పట్టుకుని ముందు నడిస్తే, అతను జాజు డబ్బా పట్టుకుని వెనక వచ్చి, ప్రతి గుమ్మం పక్కన ఎర్రగా నంబరు వేసేవాడు. నంబరు వేయించుకుంటే ఇల్లు సర్కారు జప్తు చేస్తుందని కొందరు భయపడేవారు. భీంరావు వాళ్ల దగ్గరికి వెళ్లి ఏదో రెండు మాటలు చెప్పేవాడు, వాళ్లు తలుపు తీసేవారు. ఏం చెప్పాడో, ఏ భాషలో చెప్పాడో నేను ఒక్కసారీ పట్టించుకోలేదు.

పని పద్ధతి ఇదీ. ఇంటి ముందు నిలబడి చిట్టాలో గబగబా గీకేయడం, తర్వాత కూర్చుని మనిషికొక చీటీ చొప్పున నింపడం. చీటీలు పైకి పోతాయి. చిట్టా మన దగ్గరే మిగిలిపోతుంది. చీటీలో పేరు, వయసు, మతం, పని, మాతృభాష రాయాలి. గిరిజనులైతే ఆ మాట కూడా రాయాలి.

మూడు రోజుల్లో ముగ్గురికి మూడు పేటలు

మూడు రోజుల్లో నేను సగం పేట తిరిగాను. అందరిదీ తెలుగే. నాకు భలే గర్వంగా అనిపించింది. నాలుగో రోజు ఖలీల్ సాబ్ తనిఖీకి వచ్చారు. ఆయన గిర్దావర్, అంటే నాలాంటి గుమాస్తాల పని మీద కన్నేసి ఉంచే అధికారి. హైదరాబాద్ మనిషి, షేర్వానీకి ఒక్క మడత పడనిచ్చేవారు కాదు. నేను తిరిగిన ఇళ్లే ఆయన మళ్లీ తిరిగి, సాయంత్రం నా వైపు అనుమానంగా చూశారు.

"క్యా మియా? అందరు నాతోని ఉర్దూ మాట్లాడుతున్నరు. నువ్వు తెలుగు ఎక్కడికెళ్లి తెచ్చినవ్?"

పక్క వాటా చూస్తున్న బడిపంతులు కులకర్ణి గారిని పంచాయితీకి పిలిచారు. ఆయన అవే ఇళ్లు తిరిగొచ్చి, పేట మొత్తం మరాఠీ అని తేల్చారు. భాషల ప్రకారం రాష్ట్రాలు కోస్తారని, మా తాలూకా ఎటు పోతుందో చెప్పలేమని అప్పట్లో ప్రతి హోటల్లోనూ మాటలు నడిచేవి. అందుకని మాతృభాష గడి అంటే అందరికీ నోరూరేది. ముగ్గురం ఒకరినొకరు దొంగల్ని చూసినట్టు చూసుకున్నాం. చివరికి ఒకే ఇంటికి ముగ్గురం కలిసి వెళ్లి అడుగుదామని ఒప్పందం చేసుకున్నాం.

వాడ మొదట్లో ఎడమ వైపు ఇల్లు. ఇంటాయన లచ్చు, మిల్లులో పత్తి మోసేవాడు. అతను పనికి పోయాడు. భార్య మారుబాయి గుమ్మంలో కూర్చుని జొన్నలు చెరుగుతోంది. ఏడేళ్ల కూతురు జంగుబాయి తల్లి వీపు వెనక నుంచి మమ్మల్ని తొంగి చూస్తోంది.

"ఇంట్ల ఏం మాట్లాడుతరమ్మా?" అని నేను తెలుగులో అడిగాను.

"తెలుగే సారూ."

ఖలీల్ సాబ్ అదే ప్రశ్న ఉర్దూలో వేశారు. మారుబాయి చేట పక్కన పెట్టి, ఉర్దూ మాట్లాడతామని ఉర్దూలో చెప్పింది. కులకర్ణి మరాఠీలో అడిగారు. ఆవిడ కొంగు సర్దుకుని, మా ఇంట్లో మరాఠీయే అని శుభ్రమైన మరాఠీలో చెప్పింది.

"అరే దేవా!" కులకర్ణి తల పట్టుకున్నారు. "మూడు ఎట్లయితయి? ఒక్కటి చెప్పు."

మారుబాయికి మా అవస్థ అర్థం కాలేదు. "ఇంటికొచ్చినాయనతోని ఆయన మాటల్నే మాట్లాడాలె గద గురూజీ. మన మాట మాట్లాడితె ఆయన తెల్వక నిలబడతడు. అది మర్యాదనా?"

ఇదీ సంగతి. మిల్లుపేటలో అందరిదీ ఇదే మర్యాద. ఇన్ని రకాల జనం ఒక్క గోడకు ఆనుకుని బతకాలంటే ఎదుటివాడి మాట నోట పెట్టుకోవాల్సిందే. మేం వాళ్ల భాష అడుగుతున్నామనుకున్నాం, వాళ్లు మాకు పీట వేస్తున్నారు.

"మరి మీ సొంత మాట ఏంది?" అని అడిగాను.

"మా మాట మీకు రాదు గద సారూ. రానిది ఏం రాసుకుంటరు?" అని నవ్వింది.

అప్పుడు నేను కూర్చోవాల్సింది. "రాకపోతే నేర్పు" అనాల్సింది. ఎండ మాడ్చేస్తోంది, ఆకలిగా ఉంది. "సరే, మీరు ఏమోళ్లు?" అని మరో గడిలోకి దూకాను.

"మేము ఏడు దేవుళ్లోళ్లం."

ఖలీల్ సాబ్ "వారెవ్వా!" అన్నారు. కులకర్ణి కిసుక్కున నవ్వారు. వాళ్లు నవ్వారు కాబట్టి నాకు ఇంకా హుషారెక్కింది. చిట్టాలో, ఆ ఇంటి నంబరు పక్కన ఖాళీలో ఇలా రాసి, ఇద్దరికీ చదివి వినిపించాను: "ఈ ఇంట్లో ఏడుగురు దేవుళ్లు ఉన్నారట. లెక్కలో చేర్చలేదు."

ముగ్గురం పగలబడి నవ్వాం. జాజు డబ్బా పట్టుకుని నిలబడ్డ భీంరావు నవ్వలేదు. పాపం, వేళాకోళం అర్థమయ్యే మనిషి కాదులే అనుకున్నాను.

ఖలీల్ సాబ్ పంపకం

మిల్లు గేటు దగ్గర చాయ్ తాగుతూ ఖలీల్ సాబ్ తీర్పు చెప్పారు. "ఎడమ వరస తెలుగు. కుడి వరస ఉర్దూ. మలుపు తిరిగినంక మరాఠీ. జగడా ఖతం."

అలాగే రాశాం. ఎదురెదురుగా ఉన్న అన్నదమ్ముల్లో అన్నది తెలుగు అయింది, తమ్ముడిది ఉర్దూ అయింది. సర్దార్జీ ఎడమ వరసలో ఉన్నందుకు రాత్రికి రాత్రి తెలుగువాడైపోయాడు. మలుపు దగ్గరి ఇంటికి రెండు వైపులా తలుపులుండటంతో ముందు తలుపు ఉర్దూదా, వెనక తలుపు మరాఠీదా అని కాసేపు వాదించుకున్నాం కూడా. మారుబాయి ఇల్లు తెలుగు. భీంరావు ఇల్లు కూడా ఎడమ వైపే. అతని చీటీ ఆఫీసులోనే, అతను తెచ్చిచ్చిన నీళ్లు తాగుతూ, అతన్ని ఒక్క మాట అడక్కుండా నింపేశాను. రోజూ చూసే మనిషిని ఏం అడుగుతాం? చివర్లో పేట మొత్తానికి తీసిన పట్టీలో గోండులు అన్న చోట సున్న పెట్టి సంతకం చేశాను. సున్న చాలా గుండ్రంగా వచ్చింది, అది మాత్రం గుర్తుంది.

ఖలీల్ సాబ్ చెడ్డవారు కాదు. ఏ ఇంట్లో నీళ్లిచ్చినా తాగమని, కూర్చోమనేదాకా కూర్చోవద్దని నాకు నేర్పింది ఆయనే. కానీ ఆయనకు జగడమంటే గిట్టదు. జగడం గిట్టని అధికారి కింద పని హాయిగా ఉంటుంది, నిజం మాత్రం బతకదు. ఇలాంటి బాసు మీకూ దొరుకుతాడు. అతని చాయ్ తాగండి, తీర్పు తీసుకోకండి.

"మరి నేనెవ్వర్ని?"

పదేళ్లు గడిచాయి. ఆంధ్రప్రదేశ్ వచ్చింది. ఖలీల్ సాబ్ రిటైరై హైదరాబాద్ వెళ్లిపోయారు. కులకర్ణి మహారాష్ట్ర వైపు బదిలీ చేయించుకున్నారు. నేను అదే ఆఫీసులో నాలుగు మెట్లు ఎక్కి, కొంచెం లావయ్యాను. మళ్లీ జనాభా లెక్కలు జరిగాయి, కొత్త పట్టీలు ఇంకా పైనుంచి రాలేదు.

ఒక పొద్దున భీంరావు మారుబాయినీ జంగుబాయినీ మా ఇంటికి తీసుకొచ్చాడు. "రాసినాయననే అడుగుండ్రి," అని వాళ్లతో చెప్పి గేటు దగ్గర నిలబడ్డాడు.

సంగతి మారుబాయి చెప్పింది. దూది దుమ్ము మింగీ మింగీ లచ్చు ఊపిరి పాడై మంచాన పడ్డాడు. జంగుబాయి ఎనిమిదో తరగతి పాసైంది. కొండ ఊళ్లలో గోండు పిల్లలకు చదువు చెప్పడానికి గోండు ఆడపిల్లలకు టీచరు ట్రైనింగు ఇస్తున్నారు. సీటుకు పేరు పిలిచారు. గోండు అని తాలూకా ఆఫీసు కాగితం వారం రోజుల్లో ఇవ్వాలి. ఇవ్వకపోతే సీటు పోతుంది, పై నెల నుంచి తండ్రి చోట పిల్ల మిల్లులోకి పోవాలి. మా ఆఫీసు పేష్కారు, అంటే హెడ్ గుమాస్తా, పాత పట్టీ తీసి చూసి కాగితం ఇవ్వనన్నాడట.

"పేటల గోండోళ్లే లేరని రాసుందట సారూ," అంది మారుబాయి. "మరి నేనెవ్వర్ని?"

తప్పు నా మీద పడకుండా చూసుకోవడం గుమాస్తాకు వెన్నతో పెట్టిన విద్య. "మరి ఆనాడు చెప్పకపోతివేందమ్మా?" అన్నాను.

"చెప్పిన గద సారూ. ఏడు దేవుళ్లోళ్లమని చెప్పిన. మీరు రాసుకున్నరు గూడ." ఆవిడ గొంతులో కోపం లేదు. "మాల నాలుగు దేవుళ్లోళ్లు, ఐదోళ్లు, ఆరోళ్లు, ఏడోళ్లు ఉంటరు. ఒక్క లెక్కోళ్లంత అన్నదమ్ములు, అక్కజెల్లెండ్లు. ఇచ్చి పుచ్చుకునుడు వేరే లెక్కోళ్లతోని. మమ్ముల ఎవ్వరడిగినా గదే చెప్తం."

జంగుబాయి జుట్టుకు దూది పింజ ఒకటి అంటుకుని ఉంది. అప్పటికే సెలవుల్లో మిల్లుకు పోతోందన్నమాట.

చూస్తానని చెప్పి పంపాను. చూడలేదు. ఆ పట్టీ తప్పని ఒప్పుకుంటే మిగతా వాడ సంగతేమిటని అడుగుతారు. ఎడమ వరస, కుడి వరస కథ బయటికొస్తుంది. నా సంతకం ఉంది, ఉద్యోగం ఉంది, పిల్లలున్నారు. రెండు రోజులు కడుపునొప్పి అని చెప్పి ఆఫీసుకు పోలేదు. పిరికితనానికి కడుపునొప్పి అని పేరు పెట్టుకున్నాను, అంతే.

ముగ్గుల పుస్తకం

మూడో రోజు మా ఇంటావిడ నా పక్కన ఒక పుస్తకం పడేసింది. అది నా పాత చిట్టా. వెనక ఖాళీ కాగితాలున్నాయని పదేళ్లుగా అందులో ముగ్గులు గీసుకుంటోందని నాకు అప్పుడే తెలిసింది. మొన్న మారుబాయి చెప్పిన మాటలన్నీ ఆమె విన్నది. భీంరావును అడిగి ఆ ఇంటి నంబరు తెలుసుకుని, ఆ కాగితం దగ్గర వేలు పెట్టింది.

"ఏడుగురు దేవుళ్లు ఉన్నారట. లెక్కలో చేర్చలేదు," అని పైకి చదివింది. "గిది ఎవరి చేతిరాత?"

"నాదే."

"గా పిల్లకు అడ్డం పడ్డది మీ సున్న. తీసేసేది గూడ మీరే. కడుపునొప్పికి నేను వాము ఇస్త, లేచి పోండ్రి."

వాము నమిలి బయల్దేరాను.

తహసీల్దారు గదిలో

కొత్త తహసీల్దారు కృష్ణా జిల్లా ఆయన. మా మాట ఆయనకు సగమే అర్థమయ్యేది, ఆయన మర్యాదలు మాకు ఎక్కువయ్యేవి. తల్లీకూతుళ్లను పిలిపించారు. పేష్కారు పాత పట్టీ పట్టుకుని నిలబడ్డాడు. నేను చిట్టా బల్ల మీద పెట్టాను. ఆయన తెరిచారు. తెరిచింది వెనక నుంచి.

"ఇదేంటండీ, ముగ్గులా?"

"ముందునుంచి చూడాలండీ."

చూశారు. గొంతెత్తి చదివారు. "ఈ ఇంట్లో ఏడుగురు దేవుళ్లు ఉన్నారట. లెక్కలో చేర్చలేదు." కళ్లజోడు పైనుంచి నన్ను చూశారు. "దేవుళ్లని ఎందుకు వదిలేశారండీ?"

"వేళాకోళం చేశానండీ. వాళ్లు గోండులమని చెప్పిన మాట అది. నాకు తెలియలేదు. తెలుసుకోలేదు. పట్టీలో సున్న పెట్టింది నేనే," అన్నాను. అంతటితో ఆగకుండా ఎడమ వరస, కుడి వరస కూడా చెప్పేశాను. జంగుబాయి మొదటిసారి తలెత్తి నా వైపు చూసింది.

పేష్కారు వదల్లేదు. "ఏడు దేవుళ్లని ఎవరైనా అంటరు సార్. నేను తొమ్మిదంట. కాగితం ఇస్తరా?"

అప్పుడు గుమ్మం దగ్గర భీంరావు గొంతు వినపడింది. "నేను గూడ ఏడు దేవుళ్లోణ్నే సాబ్. లచ్చు నాకు తమ్ముడయితడు. గీ పిల్ల నా తమ్ముని బిడ్డ."

తహసీల్దారు అతని వైపు తిరిగారు. "నువ్వు గోండువా? ఈ ఆఫీసులో ఎన్నాళ్ల నుంచి ఉన్నావు?"

"మీరు ఐదో తహసీల్దార్ సాబ్."

"మరి ఇన్నాళ్లూ చెప్పలేదే?"

"ఎవ్వరడగలే గద సాబ్. జవానును ఏమడుగుతరు, నీళ్లు తప్ప?"

తహసీల్దారు కళ్లజోడు తీసి, "ఆ పిల్లతో మీ భాషలో మాట్లాడు, వింటాను," అన్నారు. భీంరావు జంగుబాయిని ఏదో అడిగాడు. ఆమె చెప్పింది. అతను మళ్లీ ఏదో అన్నాడు, మారుబాయి కలగజేసుకుంది, ముగ్గురూ ఒక్కసారి నవ్వారు. తక్కువ మాటల మనిషి అని నేను పదేళ్లకు పైగా అనుకున్న భీంరావు గలగలా మాట్లాడుతున్నాడు, చేతులు తిప్పుతున్నాడు, ఎవరినో అనుకరిస్తున్నాడు. నడక చూస్తే అది నేనే. అతనికి వేళాకోళం అర్థం కాదనుకున్నాను! నాకు చచ్చేంత సిగ్గేసింది. ఆ సిగ్గులోనే ఎందుకో సంతోషం కూడా వేసింది.

తహసీల్దారు నా చేత వాంగ్మూలం రాయించుకుని, దాని మీద పిల్లకు కాగితం ఇచ్చారు. గడువుకు ఒక రోజు ముందు జంగుబాయి ట్రైనింగుకు వెళ్లింది. నాకు శిక్ష కూడా వేశారు. మిల్లుపేటలో ఇంకెవరికీ ఇలా కాగితం ఆగిపోకుండా, ప్రతి ఇల్లూ మళ్లీ తిరిగి ఆఫీసుకు ఒక జాబితా ఇవ్వాలి. ఈసారి భీంరావు అడుగుతాడు, నేను వెనక నడిచి రాస్తాను.

వెనక నడిచి నేర్చుకున్నది

నా మొత్తం ఉద్యోగంలో నేను నిజంగా పని చేసింది ఆ పదిహేను రోజులే. భీంరావు ఏ ఇంటికి పోయినా మొదట ఏమీ అడగడు. కూర్చుంటాడు, తంబాకు నలుపుతాడు, వాన గురించి మాట్లాడతాడు. "ఎందుకింత ఆలస్యం?" అని నేను విసుక్కుంటే, "కోడి రానియ్యి సాబ్," అనేవాడు. కోడి వచ్చేది. ఇంటావిడ లేచేది. అతను నా వైపు చూసి కళ్లెగరేసేవాడు, నేను రాసుకునేవాణ్ణి.

అప్పుడు కనపడింది అసలు మిల్లుపేట. పద్మశాలీల ఇంట్లో తాతకు కోపం తెలుగులో వస్తుంది, మనవడు గోలీలాట ఉర్దూలో ఆడతాడు. బండ్లు తోలే ముస్లిం ఇంట్లో పెద్దావిడ నమాజు చేసుకుని లేచి, మేకను మాత్రం తెలుగులో తిట్టింది. సర్దార్జీ భార్య నిజామాబాద్ పిల్ల, ఆ ఇంట్లో మొగుడి మీద పంజాబీలో అలిగి తెలుగులో అన్నం పెట్టేది. పేటలో గోండులు ఒక్క లచ్చు, భీంరావు ఇళ్లే కావు, ఇంకా ఉన్నారు. వాళ్ల కథలు పాడే పర్ధాన్లు ఉన్నారు. అందరి ఇళ్ల పక్కనా భీంరావు చేత్తో వేసిన పాత జాజు నంబరు వెలిసిపోయి కనపడుతూనే ఉంది. నేను ఆనాడు వాళ్లందరి ముందు నిలబడ్డాను, ఒక్కరినీ చూడలేదు.

అందుకే చెప్తున్నాను, గడులు తక్కువగా ఉంటే ఖాళీలో రాయండి. తెలియకపోతే తెలియలేదని రాయండి. వేళాకోళం కూడా రాసుకోండి, కానీ వాళ్లు చెప్పిన మాటను చెప్పినట్టే రాసి వేళాకోళం చేయండి. నన్ను కాపాడింది అదొక్కటే. మీతో రోజూ నడిచే మనిషిని మాత్రం అందరికన్నా ముందు అడగండి.

జైనూర్ వైపు

మరికొన్నేళ్లకు నాకు జైనూర్ వైపు కొండ ఊళ్లలో డ్యూటీ పడింది. అప్పటికి భీంరావు దగ్గర కొంచెం గోండీ నేర్చుకున్నాను. ఎంత కొంచెమంటే, నేను మాట్లాడితే ఊళ్లో పెద్దలు మర్యాదగా తలూపి, పిల్లలు నవ్వాపుకోలేక పరుగెత్తేంత.

ఒక ఆదివారం పొద్దున మా క్వార్టరు ముందు ఒక పంతులమ్మ వచ్చి నిలబడింది. చంకలో పుస్తకం. జంగుబాయి. పక్క ఊళ్లో బడి చెప్తోందట. ఏ ఇంట్లో బడికి పోయే పిల్లలున్నారు, ఇంట్లో ఏం మాట్లాడతారు అని ఊరూరా రాసుకుంటోంది. మా ఇంటావిడ సంబరపడిపోయి పీట వేసి, చాయ్ పెట్టింది. మారుబాయి తన దగ్గరే ఉంటోందని, లచ్చు పోయాడని, పోయే ముందు తను బడి చెప్పడం కళ్లారా చూశాడని జంగుబాయి చెప్పింది. లేచి ఆమె గ్లాసులో ఇంకాస్త చాయ్ పోశాను.

తర్వాత ఆమె పుస్తకం తెరిచి, ఏమీ ఎరగనట్టు మొహం పెట్టి అడిగింది. "ఇంట్ల ఏం మాట్లాడుతరు సారూ?"

ఇంటికొచ్చిన మనిషితో ఆ మనిషి మాటల్లోనే మాట్లాడాలి కదా. నేను నిటారుగా కూర్చుని, నాకొచ్చిన గోండీ అంతా కూడగట్టుకుని, మా ఇంట్లో గోండీయే మాట్లాడతామని చెప్పాను. జంగుబాయి పెదవి బిగబట్టింది. కలం కదల్చలేదు. తంబాకు ఒక్కటే తక్కువ, అచ్చం వాళ్ల పెదనాన్న లాగా కూర్చుని వాన గురించి మాట్లాడటం మొదలుపెట్టింది.

ఇంతలో పక్కింటి మేక మా వరండాలోకి ఎక్కి, తాడు మీద ఆరేసిన నా ధోవతి నమలడం మొదలుపెట్టింది. నేను ఒక్క గంతు వేసి లేచాను. "ఓ నీ బొంద పెట్ట! పోవే దొంగముండ! నా ధోతే దొరికిందా నీకు?"

మేకను గేటు దాటించి, రొప్పుతూ తిరిగి వచ్చేసరికి మా ఇంటావిడ కొంగు నోట్లో కుక్కుకుని ఉంది. జంగుబాయి రాయడం పూర్తిచేసి, పుస్తకం నా వైపు తిప్పింది. భాష గడిలో "తెలుగు" అని ఉంది. పక్కన ఖాళీలో, గుండ్రటి అక్షరాలతో ఇంకో వాక్యం ఉంది. పైకి చదవమంది. చదివాను.

"ఈ ఇంట్లో గోండీ మాట్లాడేవారు ఒకరు ఉన్నారట. లెక్కలో చేర్చలేదు."